తాళం వేసిన పాకలో పెట్టె ఒంటి వేడి

ఇది జరిగి రెండు చలికాలాలు దాటాయి. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. యాభై దాటాక, నిరుడు, అ ఆలు దిద్దుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ తడబడతాయి. ఇందులో ఒత్తుల తప్పులు మా మేనకోడలు సరిచేసింది. సంగతి మాత్రం నాదే.

రాయడం రానివాళ్ళు నోటితో చెప్పుకుంటారు కదా అనొచ్చు. చెప్పాను. ఇద్దరు ముగ్గురికి చెప్పానో లేదో, ఊరు దాటిపోయింది. ఒకసారి భీమడోలు వెళ్ళే బస్సులో పక్క సీటావిడ నాకే చెప్పుకొచ్చింది. "కొల్లేటి వైపు ఒక పెట్టె ఉందంటండి. చచ్చిపోయినాయన రోజూ తెల్లారగట్ల అందులోంచి అక్కా అని పిలుస్తాడంట. ఆవిడ పలికితే నీలం దీపం వెలుగుద్దంట." ఆ అక్కని నేనేనని చెప్పలేకపోయాను. "అలాగాండి" అని ఊరుకున్నాను. పిలవడమూ లేదు, దీపమూ లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలంటే కాగితం మీద పెట్టాలని ఆ రోజే అనుకున్నాను.

దెయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మా వీధిలో ఒకావిడకు పూనకం వచ్చేది. ఆవిడ కూతురి కాపురం సరిగ్గా లేదని నాకు తెలుసు కాబట్టి జాలిపడేదాన్ని గాని భయపడలేదు. ఊడ్పుల రోజుల్లో శ్మశానం పక్క గట్టు మీంచే చీకట్లో నడిచి వెళ్ళిన మనిషిని. నా కంటికి ఏమీ కనబడలేదు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా కంటికి కనబడింది ఒక అంకె, అంతే.

మాది కైకలూరు రోడ్డు మీద చిన్న ఊరు. భర్త పోయాక, పిల్లలు లేరు కాబట్టి, తమ్ముడు సూరిబాబు దగ్గరే ఉంటున్నాను. వాడు నా చేతుల మీద పెరిగాడు. మా అమ్మ కూలికి వెళ్తే వాణ్ణి చంకనెత్తుకుని తిరగడం నా పని. బడి మా ఇంటికి ఎదురుగానే ఉండేది. వాడు ఏడిస్తే లోపలికి రానిచ్చేవారు కాదు. వాడు ఏడవని రోజు లేదు. అలా నాకు చదువు రాలేదు. అంకెలు మాత్రం వచ్చు. బియ్యం తూకం, బస్సు టిక్కెట్టు, క్యాలెండరు, వీటితో అవి వాటంతటవే వచ్చేశాయి.

తమ్ముడు రెండు చేపల చెరువులు కౌలుకి చేసేవాడు. శీలావతి, బొచ్చె చేపలు వేసేవాడు. ఊరికి కాస్త దూరం, బండి మీద వెళ్ళాలి. చేపల చెరువుకి గండం తెల్లవారుజామునే. రాత్రంతా నీళ్ళలో గాలి తగ్గిపోయి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు మనిషి దగ్గరుండి ఇంజను వేసి నీళ్ళు చిమ్మించకపోతే తెల్లారేసరికి చచ్చి తెల్లగా తేలిపోతాయి. అందుకని వాడు చీకటితోనే వెళ్ళి చూసి, చెరువులో పాతిన కర్రలకు మేత సంచులు కట్టి, ఇంటికొచ్చి అన్నం తినేవాడు. మా వైపు చెరువుల మనుషులకు పొద్దున్నే అన్నమే. టిఫిన్లతో ఆకలి ఆగదు.

వాడు ఫోను తీసుకెళ్ళేవాడు కాదు. పడవలోంచి వంగి సంచులు కడుతుంటే జేబులోంచి జారి రెండు ఫోన్లు చెరువు పాలయ్యాయి. మూడోది ఇంట్లో నా దగ్గర పెట్టి వెళ్ళడం మొదలెట్టాడు.

వాడికి ఒక్కతే కూతురు, పావని. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేది. చెరువు నీళ్ళ వేడి ఎంతుందో ఇంటి దగ్గరే తెలిసేలా ఒక పెట్టె చేసి తెచ్చి, గట్టు మీద పాకలో గోడకి బిగించింది. టిఫిన్ డబ్బా అంత బూడిద రంగు ప్లాస్టిక్ పెట్టె. మూత తీస్తే ఆకుపచ్చ పలక, దాని మీద గోరంత నల్లటి చిప్. పాక కప్పు మీద సోలార్ పలక. పెట్టెలోంచి ఒక వైరు చెరువులోకి వెళ్తుంది. లోపల సిమ్ కార్డు ఉంటుంది. కొద్ది క్షణాలకోసారి అంకె ఇక్కడ ఫోనులోకి వస్తుంది. కొత్త అంకె రాగానే పాతది పోతుంది. పాతవి దాచిపెట్టేలా అప్పటికి చెయ్యలేదు.

వానాకాలం వెళ్ళాక ఎలుకలు ఆ వైరు కొరికేశాయి. కొత్తది సెలవులకు తెస్తానని, అప్పటిదాకా పెట్టె బతికుందో లేదో తెలియడానికి పావని ఒక మార్పు చేసింది. ఆ చిప్ కడుపులోనే వేడి చూసుకునే సెన్సర్ ఒకటి ఉంటుందట. దాని అంకె పంపేలా చేసింది.

"ఇది చెరువు వేడి కాదత్తా, గాలి వేడి కూడా కాదు. దాని ఒంటి వేడి అది చెప్పుకుంటుందంతే" అంది.

మొదట్లో అది అబద్ధాలాడేది. పక్కనే థర్మామీటరు పెట్టి చూస్తే చాలా ఎక్కువ చూపించింది. పావని ఆ తేడా లెక్కగట్టి తీసేసింది. "ఒక్కో చిప్ ఒక్కో తేడాతో పుడుతుంది నాన్నా. ఎంత తేడానో కనిపెట్టి సరిచేసుకుంటే చాలు."

"మనుషులక్కూడా ఆ వీలుంటే ఎంత బాగుండేదే" అన్నాడు తమ్ముడు, మరదలు నాగరత్నం వైపు చూస్తూ.

"ముందు మీకు చేయించాలి. మీకు చాలా ఎక్కువ చూపిస్తోంది" అందావిడ.

పావని ఇంకో మాట కూడా చెప్పింది. ఒక్కసారి వచ్చిన అంకెని నమ్మొద్దు, ఈ సెన్సర్ అప్పుడప్పుడు ఊరికే ఎగిరిపడుతుంది, వరసగా కొన్ని చూసి మధ్యరకంగా తీసుకోవాలి అని. నిజమే. ఒకసారి మిట్టమధ్యాహ్నం వానలో నలభై చూపించి, మరుక్షణం మామూలుకి వచ్చేసింది. నవ్వుకున్నాం.

ఆ చిప్ మీద వేలు పెడితే అంకె ఎక్కుతుందని తండ్రికి చూపించింది కూడా పావనే. అది వాడికి భలే నచ్చింది. "అక్కా, పెట్టెకి జ్వరమొచ్చింది చూడు" అని అక్కడున్నంతసేపూ దాన్ని వదల్లేదు. "నాన్నా, తడి వేళ్ళతో ముట్టుకోకు, పాడైపోద్ది" అని పిల్ల గోల పెడుతున్నా వినలేదు.

దాంతో మాకో అలవాటైంది. పొద్దున చెరువు చూసుకుని, పని అయిపోయాక, చేతులు తుడుచుకుని మూత తీసి బొటనవేలు చిప్ మీద నొక్కేవాడు. చలికాలం కదా, పెట్టె అంకె ఇరవై ఒకటో రెండో ఉండేది. వేలు పెట్టగానే మెల్లగా ఎక్కి ముప్పై రెండు, ముప్పై మూడు దగ్గర ఆగేది. మనిషి వేలికి అంతకుమించి ఎక్కదు. వేలు తియ్యగానే దిగడం మొదలెట్టేది. ఎక్కిందంటే చేపలు బాగున్నాయి, బయలుదేరుతున్నాను అని. నేను అప్పుడు బియ్యం పడేసేదాన్ని. వాడు వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి వేడివేడిగా అన్నం ఉండేది.

ఇది మా అక్కాతమ్ముళ్ళ ఏర్పాటు. నాగరత్నానికి తెలుసు గాని ఫోను నా దగ్గరే ఉండేది. ఏదైనా ఇబ్బంది వస్తే వేలు ఎలా పెట్టాలి అని మాత్రం మేం ఎప్పుడూ అనుకోలేదు. మేం దాన్ని వంట కోసం పెట్టుకున్నాం.

ఆ రోజు మంచు బాగా కురుస్తోంది. ముందురోజు రాత్రి తమ్ముడు గ్యాసు పట్టేసిందని సరిగ్గా తినలేదు. చీకటితోనే లేచి వెళ్ళిపోయాడు. నేను పొయ్యి వెలిగించి, ఫోను గట్టు మీద పెట్టుకుని కూర్చున్నాను. అంకె ఇరవై ఒకటి. కిటికీ అవతల ఇంకా తెల్లారలేదు, కాస్త బూడిద రంగు వచ్చిందంతే. అంకె ఎక్కింది. ఇరవై ఆరు, ముప్పై, ముప్పై రెండు. రోజూ కంటే తొందరగా అయిపోయిందే అనుకుని బియ్యం కడిగి పడేశాను.

రోజూ అయితే ఎసరు పొంగేలోపు అంకె దిగేది. ఆ రోజు దిగలేదు.

ముప్పై రెండు. ముప్పై మూడు. ముప్పై రెండు. నొక్కిన వేలు కాస్త సడలి మళ్ళీ బిగిస్తే ఎలా ఉంటుందో అలా కొంచెం కదులుతోంది గాని దిగడం లేదు. వేళాకోళానికి అలాగే పెట్టుకుని కూర్చున్నాడనుకున్నాను. "చాల్లేరా, తియ్యి" అని ఫోనుతో అన్నాను కూడా. అన్నం ఉడికింది. గంజి వార్చాను. అప్పటికీ ముప్పై రెండే.

అప్పుడు నాగరత్నం చెప్పులు వేసుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "వదినగారూ, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని నేనొకసారి చెరువు దాకా వెళ్ళొస్తానండి. రాత్రి ఆయన మొహం నాకేం బాగోలేదు. పాల ఆటో అటే వెళ్తోందట."

"ఎందుకమ్మా, వేలు పెట్టేశాడు. బయలుదేరి ఉంటాడు. నువ్వు వెళ్తే దారిలో ఎదురవుతాడు" అన్నాను.

"నిజంగా పెట్టారాండి?"

"ఇదిగో, ముప్పై రెండు" అన్నాను. ఫోను తిప్పి ఆ ఒక్క అంకె చూపించాను. అంతకుముందు ఎంతసేపట్నుంచి అలాగే ఉందో చెప్పలేదు. ఆవిడ చెప్పులు విప్పేసింది. ఆటో మా వీధి చివర హారన్ కొట్టి వెళ్ళిపోయిన చప్పుడు ఇద్దరం విన్నాం.

ఎందుకు ఆపానో అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. నాకూ అనుమానం వచ్చింది. రాలేదని చెప్పలేను. కానీ ఆ ఇంట్లో అందరికీ చదువొచ్చు. నాగరత్నం రోజూ పేపరు చదువుతుంది. నాకొక్కదానికి చదవడం వచ్చినదేదైనా ఉందంటే అది ఆ అంకె ఒక్కటే. ఇవాళ అది ఏం చెబుతోందో నాకు అర్థం కావడంలేదు అని ఆవిడ ముందు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఇంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

తర్వాత ఎండ వచ్చింది. ఎండ వస్తే పాక కప్పు వేడెక్కి పెట్టె అంకె ఎలాగూ ఎక్కుతుంది. ఇక అది వేలో ఎండో తెలియలేదు.

పక్క చెరువు రైతు బండి మీద వచ్చి గుమ్మం ముందు ఆగి, దిగకుండా అలాగే కూర్చుండిపోయినప్పుడే తెలిసిపోయింది.

తమ్ముడు గట్టు మొదట్లో ఉన్నాడు. బండికి స్టాండు వేసి ఉంది. దాని పక్కనే కూర్చుని వెనక్కి వాలినట్టు ఉన్నాడట. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. పాక గట్టుకి ఆ చివర. దానికి వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి వాడి మొలతాడుకే ఉంది. రెండో చెవి లేదు. చేపలు ఆ పొద్దున నోళ్ళు తెరుస్తున్నాయని ఆ రైతే వెళ్ళి, ఇంజను బయటే ఉంటుంది కాబట్టి వేశాడు. మేత సంచులు కట్టలేదు. బండి మీదే ఉన్నాయి.

ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు గారు గుండె అన్నారు. ప్రాణం పోయి చాలాసేపయింది, తెల్లవారకముందే పోయి ఉంటుంది, పాక దాకా వెళ్ళి ఉండరమ్మా అన్నారు. బాధ పడి ఉండరు, ఒక్క క్షణంలో పోయి ఉంటుంది అని కూడా అన్నారు. ఆ మాట నాగరత్నం పట్టుకుంది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పేది. "బాధ పడలేదటండి. డాక్టరు గారే చెప్పారు."

మరి తాళం వేసిన పాకలో, మూత వేసిన పెట్టెలో, తెల్లవారుజామున అంకె ఎలా ఎక్కింది?

ఈ ప్రశ్న ఇంట్లో మొదట అడిగింది పావని. దినాలు అయ్యాక నా పక్కన కూర్చుని, "అత్తా, నువ్వు చూసిందేంటో సరిగ్గా చెప్పు" అంది. అప్పటికే నాగరత్నం పక్కకొచ్చి నిలబడింది. నేను అంకె ఎక్కిందని చెప్పాను. ముప్పై రెండు చూశానని చెప్పాను. దిగలేదని చెప్పలేదు.

పావని తేలిగ్గా ఊపిరి తీసుకుంది. "అదా. ఒక్కసారి ఎగిరిపడి ఉంటుందత్తా. ఆ సెన్సర్ అంతే. నేను చెప్పాను కదా."

అందరికీ అది సరిపోయింది. నాగరత్నానికి మరీ సరిపోయింది. ఒక తప్పు రీడింగ్ చూసి వదినగారు పొరబడ్డారు, అప్పటికే ఆయన లేరు, ఎవరు వెళ్ళినా చేసేదేం లేదు. ఆ ఇల్లు ఆ మాట మీద నిలబడింది. ఆ మాట నేను చెప్పకుండా మింగిన సగం మీద నిలబడింది.

ఊరికి మాత్రం ఆ వివరణ పట్టలేదు. ఎవరో పాక తలుపుకి పసుపు రాశారు. ఇంకెవరో నిమ్మకాయలు కట్టారు. ఒకరోజు వెళ్ళి చూస్తే సోలార్ పలక మీద కుంకుమ బొట్లు. "వాటి వల్ల ఛార్జింగ్ తగ్గిపోతుందత్తా!" అని పావని ఏడుపు ఆపుకుంటూ తడిగుడ్డతో తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ నవ్వేసింది. "నాన్న ఉంటే ఇంకో రెండు కొబ్బరికాయలు కొట్టించేవాడు, చట్నీకి వస్తాయని." ఆ రోజు ముగ్గురం నవ్వాం.

చెరువులు కౌలు గడువు ఉందని వదల్లేదు. పక్క రైతు సాయంతో నాగరత్నమే చూసుకుంటోంది. ఇంట్లో కూర్చోలేక నేను పావనిని చదువు చెప్పమన్నాను. సెలవులకొచ్చినప్పుడల్లా దిద్దించేది. మిగతా రోజులు నాగరత్నం దిద్దించేది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గుణింతాలు రాయిస్తుంటే, ఈ మనిషినే కదా నేను ఒక్క అంకె చూపించి నమ్మించింది అనిపించేది. ఆవిడకు చాలా ఓపిక. తప్పు రాస్తే "పర్లేదండి వదినగారూ, మళ్ళీ రాద్దాం" అనేది. అదింకా కష్టంగా ఉండేది.

నాకు తోచిన దారులన్నీ చూశాను. ఊరికే అడిగినట్టు పావనిని అడిగేదాన్ని. ఎలుక వచ్చి కూర్చుంటే ఎక్కుతుందా అంటే, మూత వేసి ఉంటే ఎలా దూరుతుందత్తా అంది. సిగ్నల్ సరిగ్గా అందకపోతే మాటిమాటికీ పంపబోయి పెట్టె తనంతట తానే కొంచెం వేడెక్కుతుందని తనే చెప్పింది. అది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత వేడెక్కుతుందో చూపించమన్నాను. చూపించింది. రెండు మూడు అంకెలు ఎక్కింది, అంతే. పది ఎక్కలేదు. ఆ రోజు మంచు అంత దట్టంగా ఉంది కదా, మంచులో ఎక్కువ ఎక్కుతుందేమోనని అడిగాను. ఎక్కదంది.

నాగరత్నం ఏలూరు వెళ్ళిన రోజుల్లో తాళంచెవి తీసుకుని ఒక్కదాన్నే పాకకి వెళ్ళేదాన్ని. పగటిపూటే. చెరువులో గూడబాతులు తిరుగుతుండేవి. మూత తీసి చిప్ మీద ఊపిరి ఊదాను. అంకె గబుక్కున ఎక్కి గబుక్కున పడిపోయింది. వేడినీళ్ళ సీసా ఆనించాను. ముప్పై మూడు దాటి పోతూనే ఉంది, ఆగలేదు. బట్ట కప్పి చూశాను. దేనికదే ఒక్కో రకంగా పోయింది. ముప్పై రెండు దగ్గరికి వెళ్ళి, అక్కడక్కడే కదులుతూ ఆగింది నా వేలు పెట్టినప్పుడు ఒక్కసారే.

నా బాధ ఇది. దెయ్యాలు లేవు అన్నామంటే, ఆ వేలు బతికున్న మనిషిదే. డాక్టరు గారు చెప్పిన వేళ కాస్త అటూ ఇటూ కావచ్చు. తమ్ముడు పాక దాకా వెళ్ళి ఉండొచ్చు. గుండెల్లో నొప్పి వచ్చి, ఇంజను కూడా వెయ్యలేక, అరిచినా వినేవాళ్ళు లేక, ఇంటికి చేరేది ఆ పెట్టె ఒక్కటే కాబట్టి దాని మీద వేలు పెట్టి కూర్చుని ఉండొచ్చు. అక్క చూస్తుంది అనుకుని ఉండొచ్చు. ఎంతకీ ఎవరూ రాకపోతే లేచి, బండి దాకా వెళ్ళి, అక్కడ పడిపోయి ఉండొచ్చు. అలాంటి స్థితిలో తాళం వేస్తాడా అని మీరు అడగొచ్చు. మా తమ్ముడైతే వేస్తాడు. వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసే మనిషి.

కాదు, డాక్టరు గారి మాటే నిజం, వాడు పాక దాకా వెళ్ళనేలేదు అంటే, నేను చూసింది చనిపోయిన మనిషి వేలు. అప్పుడు నా తప్పు ఏమీ లేదు. జీవితమంతా నమ్మనిదాన్ని ఇప్పుడు నమ్మితే నేను బయటపడతాను. ఎన్నో రోజులు నమ్మడానికి ప్రయత్నించాను. బస్సులో ఆవిడ అంత తేలిగ్గా నమ్మిందే, నావల్ల కాలేదు. అలాగని నమ్మకుండా ఉండటమూ కావడం లేదు. తాళంచెవి మొలతాడుకే ఉంది కదా అని ఒక పూట, తాళం వేసే రకమే కదా అని ఇంకో పూట.

ఈ మధ్య పావని కొత్త వైరు తీసుకుని వచ్చింది. ఎలుకలు కొరక్కుండా స్టీలు తొడుగు ఉన్నది. రాత్రి అన్నాల దగ్గర చెప్పింది. "రేపట్నుంచి చెరువు వేడే వస్తుందత్తా. ఆ ఒంటి వేడి తీసేస్తాను. ఇక ఎవరికీ ఏ అనుమానాలూ ఉండవు."

"తీసేయమ్మా. దానివల్లే కదా మీ అత్త అంత బాధ పడింది, ఒక తప్పు అంకె చూసి" అంది నాగరత్నం, నా కంచంలో పెరుగు వేస్తూ.

పెరుగన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాను. ఇన్నాళ్ళూ నేను చెప్పకపోవడం వల్ల ఆవిడకు మేలు జరుగుతోందని నాకు నేను చెప్పుకున్నాను. భర్త ఒక్క క్షణంలో పోయాడన్న మాట ఆవిడకు మిగలాలని. కానీ ఆ మాటతో పాటు నన్ను కూడా ఆవిడ కాపాడుతోంది. నేను తీసుకోకూడనిది అది.

మర్నాడు పొద్దున పావని వసారాలో ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చుంది. నాగరత్నం పక్కనే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను వెళ్ళి ఇద్దరి ముందూ కూర్చుని చెప్పేశాను. అంకె ఒక్కసారి రాలేదు, బియ్యం పోసిన దగ్గర్నుంచి ఎండ వచ్చేదాకా అలాగే ఉంది అని.

పావని తల ఎత్తకుండానే అడిగింది. "మధ్యలో ఒక్కసారైనా దిగిందా అత్తా?"

"లేదు."

"ముప్పై మూడు దాటి పైకి వెళ్ళిందా?"

"లేదమ్మా. అక్కడక్కడే."

పావని ల్యాప్‌టాప్ మూసేసింది. "అయితే తప్పు రీడింగ్ కాదు."

"మరేంటమ్మా?"

"తెలీదత్తా." ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. "నాకు తెలీదు" అని మళ్ళీ అంది.

నాకూ తెలియదు. ఇవాళ్టికీ తెలియదు.

నాగరత్నం చేతిలో కాయ చేతిలోనే ఉంది. "నేను వెళ్తానన్నప్పుడు కూడా అలాగే ఉందాండి?" అంది.

"ఉంది."

"మీరు చూస్తూనే ఉన్నారా?"

"చూస్తూనే ఉన్నానమ్మా."

వీధిలో ఎవరో కూరగాయలు అమ్ముకుంటూ వెళ్ళారు. ఆవిడ చేతిలో కాయనే చూస్తూ అంది. "నాకా పొద్దున ఎందుకు అంత వెళ్ళాలనిపించిందోనని, నాదే పిచ్చి అనుకున్నానండి ఇన్నాళ్ళూ."

"పిచ్చి కాదమ్మా. నువ్వు వెళ్ళాల్సిందే. వెళ్ళనివ్వనిది నేను" అన్నాను.

క్షమించమని అడగలేదు. అడిగితే క్షమించేస్తుంది, అలాంటి మనిషి. ఆవిడ కాయ చేటలో పడేసి, లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. తల్లి వెనకాలే పావని కూడా వెళ్ళింది. నేను చేట నా ముందుకు లాక్కుని, మిగిలిన కాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను.